వెళ్ళొస్తాను అనకూడని చోట

చికిత్స అయిపోయిన రోజున అందరూ నన్ను అభినందించారు. నాకు భయం మొదలైంది ఆ రోజే.

అంతకు ముందు భయపడటానికి తీరిక లేదు. రొమ్ములో గడ్డ బయటపడ్డ నాటి నుంచి ఎవరో ఒకరు నా ఒంటి మీద ఏదో ఒక పని చేస్తూనే ఉన్నారు. కీమో, ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. పొద్దున్నే వెళ్ళి ఆ మిషన్ కింద పడుకోవడం, ఇంటికొచ్చి ఆఫీస్ కాల్‌లో కూర్చోవడం, మధ్యలో మ్యూట్ చేసుకుని వాంతి చేసుకోవడం. ఆఖరి రోజున డాక్టర్ చెయ్యి కలిపి, ఆరు నెలల తర్వాత స్కాన్‌కి రమ్మన్నాడు. అంతవరకు ఏం చేయాలని అడిగితే మామూలుగా బతకమన్నాడు. ఆ పని ఎలా చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌కి దగ్గర్లోనే ఉన్న ఆ ఆసుపత్రిలో గోడకి ఒక ఇత్తడి గంట వేలాడుతుంది. చికిత్స ముగిసినవాళ్ళు దాన్ని మోగించాలి, నర్సులంతా చప్పట్లు కొట్టాలి. నేను మోగించనన్నాను. గుడిలోనే గంట ముట్టనిదాన్ని ఆసుపత్రిలో ఎందుకు ముడతాను? పైగా పక్క గదుల్లో, తమకి ఆ గంట ఎప్పటికీ దక్కదని తెలిసి మందు ఎక్కించుకుంటున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళ చెవుల్లో నా సంబరం మోగించే హక్కు నాకెవరిచ్చారు? నర్సు కాస్త నొచ్చుకుంది కానీ బలవంతపెట్టలేదు.

అపాయింట్‌మెంట్లు ఇచ్చే డెస్క్ దగ్గర ఒక తెలుగమ్మాయి కూర్చుంటుంది. భర్త వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ రాగానే అందులో చేరిన పిల్ల. నన్ను ఆంటీ అంటుంది. స్కాన్ తేదీ రాయించుకుని, బ్యాగు భుజాన వేసుకుని, ఎవరింటి నుంచి బయల్దేరినా నోటికి అలవాటుగా వచ్చే మాటే అన్నాను.

"వెళ్ళొస్తానమ్మా."

ఆ పిల్ల చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. "అయ్యో ఆంటీ, ఇక్కడ అలా అనకూడదు. వెళ్తున్నానని చెప్పండి, చాలు."

అర్థమైంది. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు మళ్ళీ వస్తానని అంటే, నిజంగానే మళ్ళీ రావలసి వస్తుందట. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు మాత్రం 'వెళ్తున్నా' అంటే తిరిగి రారట. ఒకచోట అనకపోతే ముప్పు, ఇంకోచోట అంటే ముప్పు. నేను అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మాటకే అంత శక్తి ఉంటే తెలంగాణలో అందరూ రోజూ 'పోతున్నా' అనే గడప దాటుతారు కదా, ఈపాటికి ఒక్కరైనా మిగిలేవారా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "మాది వరంగలే ఆంటీ, మేం బానే ఉన్నాం. కానీ ఆసుపత్రి ఆసుపత్రే," అంది. వెనక లైన్‌లో ఉన్నాయన దగ్గాడు. నేను గెలిచాననుకుంటూ బయటికొచ్చాను.

నేను పెరిగిన ఇంట్లో ఇవి సరదా మాటలు కావు, సిద్ధాంతాలు. మా నాన్న ఊళ్ళో హేతువాద సంఘం నడిపేవాడు. ఆదివారం పూట మా వరండాలోనే చర్చలు. పునర్జన్మ ఉందనేవాళ్ళని కూడా పిలిచి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాత చీల్చి చెండాడేవారు. ఎదుటివాడి వాదనని వాడికన్నా బాగా చెప్పగలిగాకే దాన్ని ఖండించాలన్నది అక్కడి నియమం. నా పదకొండో ఏట శకునాల మీద మాట్లాడి, ఒక పంతులుగారిని నోరు మెదపనివ్వలేదు. నాన్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వీధి గుమ్మంలో నిలబడి కావాలనే "పోతున్నాను" అని గట్టిగా అనేవాడు. నాయనమ్మ చెవులు మూసుకునేది. ఆ మాట అలవాటైతే భయం దానంతటదే పోతుందని ఆయన నమ్మకం.

ఆ శిక్షణతో అమెరికా వచ్చిన నాకు ఇక్కడ తాయెత్తులు వేరే రూపంలో కనిపించాయి. 'పాజిటివ్‌గా ఉండండి' అన్నది ఈ దేశపు తాయెత్తు. జబ్బు సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ దాన్ని నా మెడలో కట్టబోయారు. మనవాళ్ళు దానికి తోడు, ఎవరికీ చెప్పకండి దిష్టి తగులుతుందన్నారు. ఒకరు నువ్వు ఫైటర్‌వి అన్నారు. మరి చనిపోయినవాళ్ళంతా సరిగా పోరాడలేదనా? ఈ ప్రశ్న అడిగినందుకు తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌ విందులో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

ఇంత వాదించే మనిషికి, చికిత్స ముగిసిన నాలుగో నెలలో ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి మొదలైంది.

రేడియేషన్ ఇచ్చిన వైపే. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడుచుకునేది. కార్ సీట్‌బెల్ట్ తగిలితే ప్రాణం జివ్వుమనేది. రొమ్ము క్యాన్సర్ తిరగబెడితే మొదట చేరే చోట్లలో ఎముకలు ఒకటని నేను చదివే ఉన్నాను. ఒకరోజు స్నానం చేస్తూ ఆ చోటు తడుముకుంటుంటే, ఎవరో పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా నా లోపల ఒక మాట వినిపించింది. 'వస్తానన్నావుగా.'

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఆ మాటకి నేను ఎన్ని జవాబులు చెప్పానో. ముందు జరిగింది తర్వాతదానికి కారణం కాదు. కణం తెలుగు వినదు. ఆ అమ్మాయి హెచ్చరించకపోతే నాకు ఆ మాట గుర్తు కూడా ఉండేది కాదు. అన్నీ సరైన జవాబులే. ప్రతి జవాబు తర్వాతా అది మళ్ళీ అదే గొంతుతో, ఏమీ విననట్టు, 'వస్తానన్నావుగా' అనేది. మా వరండాలో ఇలాంటి ప్రత్యర్థి ఎప్పుడూ రాలేదు. వచ్చినవాళ్ళు వాదించేవారు, ఓడిపోయేవారు, లేచి వెళ్ళిపోయేవారు. ఇది వాదించడం లేదు.

స్కాన్ తేదీ దగ్గర పడింది. ఆ ఆసుపత్రికి వెళ్తే ఆ మాట నిజమవుతుందన్నట్టు నా కాళ్ళు మొరాయించాయి. కానీ నేను మూఢనమ్మకాలున్నదాన్ని కాదు కదా, కాబట్టి మరో కారణం కావాలి. దొరికింది. అనవసరమైన స్కాన్‌ల వల్ల అనవసరమైన రేడియేషన్. లేనిదాన్ని ఉన్నట్టు చూపే పొరపాట్లు. ఆఫీస్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసే రిలీజ్ వారం. ఆసుపత్రి యాప్‌లో అపాయింట్‌మెంట్ వాయిదా వేశాను. ఆ తేదీ వస్తుంటే మళ్ళీ జరిపాను. నొప్పి సంగతి ఇంట్లో చెప్పలేదు.

నా భర్త పెద్దగా మాట్లాడే మనిషి కాదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం, ఇంట్లోనూ అదే నిశ్శబ్దంతో పడతాడు. ఇండియన్ స్టోర్‌కి వెళ్తున్నాం, ఆయన డ్రైవ్ చేస్తున్నాడు. గుంతలో చక్రం దిగితే నేను పక్కటెముక పట్టుకున్నాను. ఆయన వేగం తగ్గించాడు. తర్వాత రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, స్కాన్ ఎందుకు జరిపావని అడిగాడు. మా ఇద్దరి ఫోన్లలో క్యాలెండర్ ఒకటేనన్న సంగతి నేను మర్చిపోయాను.

నేను మొదలుపెట్టాను. రేడియేషన్ గురించి, తప్పుడు ఫలితాల గురించి, ఆత్రుత వల్ల జరిగే హాని గురించి. చక్కగా, అంశం వెంట అంశం. ఆయన అంతా విన్నాడు. స్టోర్ ముందు కారాపి, ఇంజిన్ ఆపకుండా అన్నాడు.

"ఈ వాదన ఇంకెవరైనా నీ ముందు చేస్తే, వేదిక దిగనిచ్చేదానివా?"

"అందులో తప్పేముంది?"

"తప్పు నీకే తెలుసు. నొప్పి ఎప్పట్నుంచి?"

నేను కిటికీ అద్దం వైపు తిరిగాను. ఆయన లోపలికి వెళ్ళి కరివేపాకు, పెరుగు తెచ్చాడు. నేను కారులోనే కూర్చున్నాను. ఇంటికొచ్చాక వారం తర్వాతి తేదీ తనే బుక్ చేశాడు. ఆ వారంలో నేను ఒక కౌన్సెలర్‌తో మాట్లాడాలని షరతు పెట్టాడు. కౌన్సెలర్ అంటే కొత్తరకం పంతులని నేను అదివరకే ఒక వ్యాసంలో రాసి ఉన్నాను. ఆయన ఆ వ్యాసం చదివాడు కూడా. "పంతులుగారితో వాదించడం నీకు ఇష్టమే కదా, వెళ్ళు," అన్నాడు.

వీడియోలో కనిపించినామె నడివయసు అమెరికన్. క్యాన్సర్ చికిత్స ముగిసినవాళ్ళనే ఎక్కువగా చూస్తుందట. నేను పిడికిలి బిగించుకుని కూర్చున్నాను. నాకు ఓదార్పు అక్కర్లేదు, ప్రార్థన గురించి మాట్లాడితే కాల్ కట్ చేస్తాను అన్నాను. ఆమె సరేనని, అయితే ఏ మాట మీకు పదేపదే వస్తోందని అడిగింది. వెళ్ళొస్తాననే మాటని ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. 'వెళ్ళి, వస్తాను' అని రెండు ముక్కలు చేసి చెబితే ఎంత అమాయకంగా ఉందో! నాన్న గురించీ చెప్పాను. ఆయన 'పోతున్నాను' అంటే నాయనమ్మ చెవులు మూసుకునేదని చెప్పాను. ఆమె నవ్వలేదు. మరి సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆవిడ ఏం చేస్తూ ఉండేదని అడిగింది.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. నాన్న దీపాలు పెట్టకముందే వచ్చేసేవాడు. పొరుగూరి సభైనా సరే, చర్చ ఎంత వేడి మీద ఉన్నా సరే, ఆఖరి బస్సు దాకా ఆగేవాడు కాదు. ఆయన వాచీ చూసుకుని లేవడం మీద స్నేహితులు హాస్యాలాడేవారు. వాదనలో తల్లిని ఓడించాడు. ఆవిడ భయాన్ని మాత్రం ఓడించే ప్రయత్నం చేయలేదు, పెందరాళే ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళూ నేను గుమ్మంలో ఆయన అరుపునే వారసత్వం అనుకున్నాను.

ఇదంతా ఆమె చెప్పలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను, చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఏడ్చి తేలికపడ్డానని రాస్తే అబద్ధం. మరునాడు నొప్పి అలాగే ఉంది, ఆ గొంతూ అలాగే ఉంది. ఒక్కటే తేడా. దానికి జవాబు చెప్పడం మానేశాను. భయం ఒక ప్రతిపాదన కాదు, ఖండించడానికి. వరండాలో నేర్చుకున్న విద్య తప్పు కాదు. దాన్ని తగని చోట వాడాను. పైగా వాదించగల శక్తినంతా భయానికే ధారపోసి, స్కాన్ తప్పించుకునే కారణాలు దాని తరఫున నేనే అల్లిపెట్టాను. హేతువు భయానికి వకీలుగా మారితే అంతకన్నా ప్రమాదకరమైన మూఢత్వం ఇంకొకటి లేదు. తాయెత్తు కట్టుకున్నవాడు కనీసం స్కాన్‌కి వెళ్తాడు.

స్కాన్ రోజున వెయిటింగ్ రూమ్‌లో టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. చేతికి సూది గుచ్చి రంగు మందు ఎక్కించడానికి ఇంకా పిలవలేదు. నా భర్త ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు, తెర ఎప్పుడో ఆరిపోయింది.

"నాకు భయంగా ఉంది," అన్నాను.

మా పెళ్ళయ్యాక ఆయనతో ఆ వాక్యం అంతటితో ఆపడం అదే మొదలు. ఎప్పుడూ దానికొక 'ఎందుకంటే' తగిలించేదాన్ని.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాకూ," అన్నాడు. అంతే. తలుపు తెరుచుకుని నా పేరు పిలిచారు.

ఫలితం యాప్‌లోకి డాక్టర్ కన్నా ముందే వచ్చేసింది. తెరవలేదు. ఒకరోజు ఆగాం. ఆ రోజంతా మేమిద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా ఇల్లు ఊడ్చాం, ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాం. ఆయన పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు, ఇద్దరం అలాగే తిన్నాం.

డాక్టర్ కాల్ చేసి, పక్కటెముకలో సన్నటి చీలిక ఉందన్నాడు. రేడియేషన్ తగిలిన ఎముక కొందరిలో బలహీనపడుతుందట, దగ్గుకే విరగొచ్చట. అక్కడ గానీ, మరెక్కడ గానీ క్యాన్సర్ ఆనవాలు లేదన్నాడు. ఇంత నొప్పిని ఇన్నాళ్ళు ఎందుకు దాచారని ఆయన అడిగితే, నా దగ్గర చాలా మంచి కారణాలున్నాయి డాక్టర్, ఒక్కటీ పనికిరాదు అన్నాను. తన ఎముక విరిగిందని విని ఇంతగా సంబరపడ్డ మనిషిని నా భర్త ఎప్పుడూ చూసి ఉండడు. నేను నవ్వాను, చీలిక కలుక్కుమంది, పక్కటెముక పట్టుకుని మళ్ళీ నవ్వాను.

తర్వాత డాక్టర్ మరో స్కాన్ గురించి మాట్లాడాడు. మళ్ళీ ఆరు నెలలకి. లోపల ఆ గొంతు మళ్ళీ 'వస్తానన్నావుగా' అంది. అది ఇకముందూ వస్తుందని, ప్రతిసారీ వస్తుందని అప్పుడే అర్థమైంది. ఫోన్ స్పీకర్ మీదే ఉంది. నా భర్త క్యాలెండర్ తెరిచి, నేను చెప్పేదాకా వేలు ఆనించకుండా ఆగాడు.

"పొద్దున పూటే ఇవ్వమనండి," అన్నాను డాక్టర్‌తో. "రోజంతా ఎదురుచూడటం నావల్ల కాదు."