ఎలుక కొరికిన చీరకు ఎర్రపువ్వు

మా గుడ్డల అంగట్లో ఎవరైనా రవికె గుడ్డను పర్రున చింపితే ఇప్పటికీ నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఇన్నేళ్లుగా మాకు అన్నం పెడుతున్న చప్పుడే అది. అయినా వినపడగానే సెల్వక్క గుర్తుకొస్తుంది. పుత్తూరులో మా పక్క వాటాలో కాపురమున్న రైల్వే ఆయన భార్య. అరక్కోణం మనిషి, ఇంట్లో తమిళం. మాతో మాత్రం మాకంటే గట్టి తెలుగే.

డెబ్భైల చివర్లో, పెళ్లయి వచ్చిన కొత్తల్లో, మా అమ్మ చీర ఒకటి నాతో తెచ్చుకున్నాను. అమ్మ పోయాక నాకు మిగిలింది అదే. నారాయణవనం నేత, పసుపుపచ్చ. ట్రంకుపెట్టెలో ఎలుక దూరి సరిగ్గా చెంగులోనే అరచేతంత కొరికిపెట్టింది. మా అత్తకు అది రెండు విధాల కానిపని. ఎలుక కొరికిన బట్ట ఇంట్లో ఉంచుకోరు. పైగా గుడ్డల అంగడి కోడలే అతుకుల చీర కడితే ఆ అంగట్లో కొనేదెవరు? పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే సామాన్లాయన వీధిలోకి వస్తుండేవాడు. "ఈసారి ఆయనొస్తే దాన్ని ఏసి ఒక గిన్నె తీసుకుందాం" అన్నది అత్త. ఆ ఇంట్లో నా నోరు అప్పటికి అన్నం తినడానికే తెరుచుకునేది.

పెరట్లో ఏడుస్తుంటే గోడ అవతల నుంచి సెల్వక్క చూసింది. "ఏమ్మే, ఏడిస్తే గుడ్డ అతుక్కుంటాదా? ఇట్ల తే" అన్నది. చిల్లు కనబడకుండా కుట్టివ్వమని బతిమాలాను.

"అంత బొక్క కనబడకుండా ఎట్ల కుట్టేది? బాగా కనబడనీ. పువ్వు ఎయ్యి."

"నాకు రాదక్కా."

"నేనేసిస్తే నీకెప్పుడొస్తాది?"

సూది తను ముట్టుకోలేదు. నునుపుగా గీకిన కొబ్బరిచిప్పను చిల్లు కింద పెట్టించింది. ఎర్రదారంతో నిలువు పోగులు పరిపించి, అడ్డపోగును ఒకదాని పైన, ఒకదాని కింద దూర్పిస్తూ మగ్గం మీద నేసినట్టు నేయించింది. ఆ నేత చుట్టూ రేకులు. మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళే నాకు దొరికేది. లోపల గురక ఆగితే నా సూది కూడా ఆగేది. "చిల్లు అంచు కాడ ఆపొద్దు మే, గట్టిగుడ్డ తగిలేదాకా పోవాల" అని సెల్వక్క చెబుతూనే ఉండేది. నాకేమో తొందర. రేకులు తిరిగాయి కదా అని ఒక పక్క అంచులోనే ముడి వేసేశాను.

సామాన్లాయన అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. అత్త చీర తెచ్చి వాకిట్లో విప్పింది. చెంగులో ఎర్రపువ్వు. "ఎవురు నేర్పించినారు ఇది?" అని ఆమె నావైపు ఉరిమి చూసింది. సామాన్లాయన "బాగుండాది తల్లీ. గుడ్డలో సత్తువ ఉండాదేమో సూస్తా" అంటూ చెంగును రెండు చేతులా పట్టి గుంజాడు. పర్రుమన్నది. పువ్వు చెక్కుచెదరలేదు, నేను ముడి వేసిన పక్కనే బెత్తెడు చినిగింది. ఆయన ఒక చిన్న గిన్నె అత్త చేతిలో పెట్టి చీర మడవసాగాడు. గోడ అవతల సెల్వక్క నిలబడి ఉంది. ఒక్క మాట అంటుందని ఆశగా చూశాను. ఆమె నోరు విప్పకుండా నన్నే చూస్తోంది. ఆ క్షణంలో ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ కోపంతోనే కాబోలు, చీర లాక్కున్నాను. "ఇది మా అమ్మది. ఇయ్యను" అన్నాను.

అత్త గిన్నెను ఆయన బుట్టలో పెట్టేసింది. "దాన్ని కట్టుకోని అంగడి తట్టు వస్తివా, సూడు" అని లోపలికి పోయింది. అప్పుడు పిలిచింది సెల్వక్క. "దారం మిగిలుండాది, రా. పక్కన ఇంకో పువ్వు పడతాది." ఎందుకు పలకలేదక్కా అని నిలదీశాను. "మాది బదిలీల ఉద్యోగం మే. రేపు మీ అత్త ఇంకోటి సామాన్లకు ఏస్తానంటే నేను యాడుంటానో" అన్నది. అన్నట్టే కొన్నాళ్లకు బదిలీ అయి వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు. ఆమె మీద కోపం మాత్రం బదిలీకి ముందే పోయింది.

చాలా ఏళ్ల తర్వాత మా అత్త మడతల్లో పిగిలిన తన పెళ్లిచీర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "దీనికీ ఒక పువ్వు ఎయ్యి మే. కనబడేటట్టే" అన్నది. నేను దారం ఎక్కించి సూదిని ఆమె చేతికే ఇచ్చాను. విసుక్కుంటూనే తీసుకుంది. ఆ చీర ఇప్పుడు నా దగ్గరే ఉంది. వంకరగా పడిన ఆమె మొదటి కుట్టును నేను ఇంతవరకు విప్పలేదు.