ట్రైలరు చక్రం మీద పగులు

అరవైల్లో, వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో, అనంతపురం నుంచి గుత్తికి పోయే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో ట్రాక్టరు ట్రైలరు చక్రం, టైరు తీసేసిన ఇనుప చక్రం. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతోందని అసలే విసుగ్గా ఉంది. పైగా ఆ చక్రం నా మోకాలికి గుచ్చుకుంటోంది.

"కింద పెట్టకూడదా అన్నా?" అన్నాను.

ఆయన నా వేలు పట్టుకుని చక్రం అంచుకు ఆనించాడు. సన్నటి పగులు తగిలింది.

"కొలత సరిపాయనని దీనికి లారీ టైరు ఏసినానప్పా. లారీకి కొట్టినంత గాలి కొట్టి, ఆ టైరు మోసేంత శెనక్కాయ మూటలు ఎత్తినాను. టైరు తట్టుకునింది. చక్రం తట్టుకోల్యా. మా తమ్ముడు మూటల మీద కూచోనుండె."

"ఇప్పుడెట్లా ఉన్నాడు?"

ఆయన చక్రాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

బస్సు పామిడిలో ఆగగానే దిగిపోయాను. తిరుగు బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. అనంతపురం వైపు పోయే ప్రతి లారీకీ చెయ్యెత్తాను. ఆ పొద్దున్నే మా ట్రైలరుకు లారీ టైర్లు వేయించి, గాలి బిర్రుగా కొట్టించి మూటలు తోలమని నాయనకు చెప్పి బస్సెక్కినవాణ్ణి.