చెప్పులు విడిచి నిలబడమనే ప్రభుదాసు గారు

గత మంగళవారం ఉదయం గిద్దలూరులోని నా క్లినిక్‌కు వచ్చిన ఒక పెద్దాయన, మోకాలి కట్టు విప్పుకుంటూ, "మార్కాపురం ప్రభుదాసు సారు పోయినాడంట గదమ్మా, నీకు తెల్దా?" అన్నారు. నాకు తెలియదు. ఆయన నా గురువు. ఆరోగ్యం క్షీణించిందనీ, అంతిమ ఘడియలు సమీపిస్తున్నాయనీ మాత్రం తెలుసు. పెద్దాయనకు వ్యాయామం పూర్తిగా చేయించి పంపి, ఆ తర్వాతే మార్కాపురం బస్సెక్కాను. మధ్యలో వదిలేసి వెళితే గురువుగారికి నచ్చేది కాదు.

బేస్తవారిపేట దగ్గరి పల్లెలో, కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబంలో జన్మించారు ప్రభుదాసు గారు. ఫిజియోథెరపీ చదివి, నగరంలోని ఉద్యోగం వదులుకొని, మార్కాపురంలో రెండు గదుల చికిత్సాలయం పెట్టి, జీవితమంతా అక్కడే గడిపారు. డిగ్రీ చేతపట్టుకొని నేను ఆయన దగ్గర చేరిననాటికి నాకు యంత్రాల పేర్లన్నీ కంఠస్థం. మనిషిని చూడటం మాత్రం రాదు.

ఏ నొప్పితో ఎవరు వచ్చినా ఆయన మొదట చెప్పులు విడిచి నిలబడమనేవారు. వెనుక నుంచి, పక్క నుంచి, ముందు నుంచి నిదానంగా చూసేవారు. రెండు భుజాలు సమంగా ఉన్నాయా, నడుము ఎటు ఒరిగింది, బరువు ఏ కాలి మీద పడుతోంది, మడమ లోపలికి వాలిందా అన్నీ పరిశీలించేవారు. చూస్తున్నంతసేపూ వానల గురించో, బర్రె ఈనిన సంగతో మాట్లాడిస్తూ ఉండేవారు. అదంతా కాలయాపన అనుకునేదాన్ని. ఒకరోజు నేను ఒకావిడను "నిటారుగా నిలబడమ్మా" అంటే, ఆమె వెళ్ళిపోయాక నెమ్మదిగా చెప్పారు: "శైలజమ్మా, అట్ల అంటే వాళ్ళు మనకోసం నిలబడతారు. వాళ్ళకోసం వాళ్ళు ఎట్ల నిలబడతారో అది చూడాల. మాటల్లో పెడితే మన సంగతి మరిచిపోతారు."

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఓబులమ్మ కుడి మోకాలి నొప్పితో వచ్చింది. రెండు వారాలు మోకాలికే చికిత్స చేశాను. నొప్పి తగ్గకపోగా నడుముకు పాకింది. గురువుగారు ఆమెను నిలబెట్టి చూసి, "నీ నడుము ఒక పక్క దిగింది తల్లీ. పనికాడ ఎట్ల నిలబడతావు?" అని అడిగారు. "మిషను కాడ సార్. పొద్దుగాల నిలబడితే అన్నానికే కూర్చునేది," అంది ఆమె. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని ఫ్యాక్టరీకి వెళ్ళారు. కోత యంత్రం నుంచి నీళ్ళు పారడానికి నేలను వాలుగా కట్టారు. ఆమె ఏళ్ళ తరబడి ఒక కాలు ఎగువన, ఒక కాలు దిగువన పెట్టి నిలబడుతోంది.

ఆమె నిలబడేచోట నేల చదును చేయించమంటే యజమాని ఒప్పుకోలేదు. "ఆమె మోకాలికి నా నేల ఏంజేసింది సార్?" అన్నాడు. గురువుగారు వాదించలేదు. "చెప్పులు విడిచి ఈడ నిలబడన్నా, టీ తాగుదాం," అన్నారు. టీ వచ్చింది, తాగాం. గురువుగారు ఆయన పిల్లల చదువుల గురించి అడుగుతూనే ఉన్నారు. కాసేపటికి యజమాని కాలు మార్చాడు, నడుం పట్టుకున్నాడు, చివరికి యంత్రానికి ఆనుకున్నాడు. "ఇంతసేపటికే పీకుతోంది ఏంది?" అన్నాడు. ఆ వారంలోనే పనికిరాని పలకముక్కలు పేర్చి అక్కడ నేల చదును చేయించాడు. ఆ తర్వాత చేయించిన వ్యాయామాలతోనే ఓబులమ్మ కోలుకుంది.

ఆయన పొరపాటు పడలేదని రాస్తే అది అబద్ధమవుతుంది. నడుం నొప్పితో ఎడమకు వంగి నడిచే ఒక రైతును బలవంతంగా నిటారుగా నిలబెట్టబోయారు. నొప్పి తిరగబెట్టి అతడు పది రోజులు మంచం దిగలేదు. గురువుగారు వాళ్ళ ఊరు వెళ్ళి, భార్యాపిల్లల ముందే "నాదే తప్పు నాయనా, తొందరపడినా" అని చెప్పి, ఇంటివద్దే వైద్యం చేశారు. తిరుగు ప్రయాణంలో నాతో అన్నారు: "నొప్పి తగలకుండా ఉండేదానికి ఆయప్ప అట్ల వంగినాడు. అది అడగకుండానే సరిచేయబోయినా."

పోయిన వేసవిలో ఆయనను చూడటానికి వెళ్ళినప్పుడు ఒకటి గమనించాను. నిలబడి మాట్లాడుతున్నంతసేపూ ఆయన బరువంతా ఎడమ కాలి మీదే ఉంది. కుడిచేయి బల్ల అంచును వదలలేదు.

"సార్, మీరొకసారి నిలబడండి, చూస్తాను," అన్నాను.

ఆయన నవ్వారు. "ఈ పొద్దు వద్దులేమ్మా. బయట జనం ఉండారు."

గురువును రెట్టించడమెలాగని మొహమాటపడ్డాను. రెండు నెలలకు ఆయన స్నానాల గదిలో పడిపోయారు. క్యాన్సర్ వెన్నెముక దాకా పాకిందని గుంటూరులో వైద్యులు చెప్పారు. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని, ఆ రోజు గట్టిగా అడగనందుకు క్షమించమన్నాను.

"నువ్వు సరిగ్గానే చూసినావు. నేనే నిలబడలేదు, భయపడినా," అన్నారు.

నా ఇన్నేళ్ళ శిష్యరికంలో ఆయన నోట భయమన్న మాట వినడం అదే మొదలు. ఆ తర్వాత నా చేతిని తమ చేతిలోకి తీసుకున్నారు. "పెద్దోళ్ళని చూడకుండా ఇడిచిపెట్టబాక. పెద్దోళ్ళే ఎక్కువ దాచిపెడతారు," అన్నారు.

ఆయనను సొంత పల్లెలో, తల్లిదండ్రుల సమాధుల పక్కన ఖననం చేశారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా చేతికర్రల మీద వచ్చినవాళ్ళు కూడా ఎండలో నిలబడే ఉన్నారు. కుర్చీలు వేసినా కూర్చోలేదు.

మా నాయన గిద్దలూరులో కిరాణా దుకాణం నడుపుతారు. కొన్నాళ్ళుగా ఆయన కుడి భుజం దిగినట్టు నాకు అనుమానం. అడిగినప్పుడల్లా "ఏంలేదులే" అనేవారు, నేనూ ఊరుకునేదాన్ని. ఖననం నుంచి వచ్చిన మర్నాడు దుకాణం తెరవకముందే ఆయన్ను వసారాలో నిలబెట్టాను. గొణుగుతూనే నిలబడ్డారు. వెనక్కి వెళ్ళి, సరుకుల ధరల గురించి అడుగుతూ, తొందరపడకుండా చూశాను. భుజం దిగిన మాట నిజమే. దానికి కారణం భుజమా, మెడా, ఇంకేదైనా ఉందా అన్నది తేలలేదు. ఇలాంటి సందేహం వస్తే అడగడానికి ఈ చుట్టుపక్కల నాకు గురువుగారు ఒక్కరే ఉండేవారు. ఆ మహనీయుడికి చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. ఇక నేనే తేల్చుకోవాలి. నాయనను ఇంకొంచెంసేపు అలాగే నిలబడమన్నాను.