ఓడ మీది మచ్చలు

మా ఆఫీసు గన్‌ఫౌండ్రీలో, పని మాత్రం ఎక్కడో మంచు సముద్రం అడుగున. అక్కడ ఎప్పుడో మునిగిన చెక్క ఓడను డైవర్లు దిగి ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి పంపుతారు. మేం వాటిని అతికించి ఒక్క పటం చేస్తాం. ఈత రాని నేను ఆ పనికి పెద్దదిక్కు, నవ్వకండి!

నా కింద పనిచేసే, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయనది నాంపల్లి. ముప్పై ఏళ్లు ఆబిడ్స్‌లో ఓ ఫొటో స్టూడియోలో పెళ్లి ఫొటోలు దిద్దాడు. అది మూతపడ్డాక ఈ ఉద్యోగమే ఆయనకు ఆధారం.

ఆ రోజు ఆయన చేసిన పటం తెరిచాను. ఓడ చెక్కలు పెళ్లికూతురి బుగ్గల్లా నున్నగా ఉన్నాయి! మేకుల తుప్పు మరకలు ఒక్కటీ లేవు. డైవర్లకు కావలసినవే అవి. మేకుల వరసను బట్టే ఓడను ఎలా కట్టారో తెలుస్తుంది.

"ఏంటి బాబాయ్ ఇది?" అని అరిచాను.

"మచ్చలు గద మేడం, తీసేసిన," అన్నాడు, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూస్తూ.

అవి మేకుల గుర్తులని, డైవర్లకు కావలసినవే అవని అరిచి చెప్పాను. కోపమొస్తే నాకు ముందూ వెనకా ఉండదు. ఈయన మనకొద్దని అక్కడికక్కడే బాస్‌కి మెయిల్ కొట్టేశాను. ఆ పటం పట్టుకొని మేకులు కొలవడానికి డైవర్లు గంటలో ఆఖరిసారి దిగుతారు. తర్వాత మంచు కమ్మేస్తే మళ్లీ వేసవి దాకా ఎవరూ దిగలేరు. అసలు ఫొటోలు వేలున్నాయి, ఎక్కడని వెతకను?

బాబాయ్‌కి ఫోనొచ్చింది. "ఔ సార్," అని పెట్టేశాడు. ఓ ప్రింటు తీసుకొని దాని మీద ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టసాగాడు.

"గీడ రెండు, గాడ మూడు... చూసింది మర్చిపోతనేమో గని, చేత్తోని తీసింది మర్వను మేడం."

చుక్క ఉన్న చోటల్లా అసలు ఫొటో తీసి సరిచూశాను. అన్నీ సరిపోయాయి! డైవర్లు నీళ్లలోకి దిగేలోపే పంపేశాం.

బాస్ గదికి పరుగెత్తాను. "నా మెయిల్ పట్టించుకోకండి సార్!"

"రేపట్నుంచి రావొద్దని ఆయనకు అప్పుడే ఫోన్ చేసి చెప్పేశానే!"

అంటే ఆ చుక్కలన్నీ ఉద్యోగం పోయాక పెట్టాడు. నా మీద నాకే అసహ్యమేసింది. సంగతంతా చెప్పి, బతిమాలి, ఆయన్ని ఉంచేలా ఒప్పించి వచ్చేసరికి బాబాయ్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు.

"మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు బాబాయ్. తప్పు నాది," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అరే, ఏడ్వకుండ్రి మేడం," అన్నాడు. "గా మేకులు దొరికినయా వాళ్లకు?"