పలమనేరు దోవ మలుపులో మూడు డిగ్రీలు

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను మూడే అడుగుతాను. ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, వెలుతురు ఎంత. ఈ మూడింటికీ జవాబులు వచ్చేసరికి చాలా దయ్యాలు మాయమైపోతాయి. ఇప్పటికీ నా పద్ధతి అదే. ఇక్కడ చెప్పబోయేదానిలో దయ్యమేదీ కనిపించదు. కనిపించేది ఒక అంకె, వినిపించేది ఒక గంట. రెండూ కారులోవే.

హైస్కూలు రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఉష్ణోగ్రత కూడా రాస్తాను. ఈ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది. పట్టుపురుగులు పెంచే రైతులకు మెలకువలు నేర్పడం నా పని. ఎనభైలలో నా ఇల్లు పుంగనూరులో. వారంలో సగం మదనపల్లె వైపు, సగం కుప్పం వైపు తిరిగేవాణ్ణి. చొక్కా జేబులో కలం లేకపోయినా థర్మామీటరు ఉండేది.

నా రైతుల్లో గంగులమ్మ అని ఒకామె ఉండేది. మగడు పోయాక అర ఎకరం మల్బరీ తోట, కూతురు రెడ్డెమ్మ, ఇవే ఆమెకు మిగిలినవి. పుంగనూరు నుంచి పలమనేరు దోవలో పది కిలోమీటర్లు పోతే రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపులోనే, రోడ్డుకు ఇరవై అడుగుల దూరంలో, ఆమె పురుగుల ఇల్లు. మట్టిగోడలు, బోదకప్పు, రెండు చిన్న కిటికీలు.

ఆ ఏడు ఆమెకు వరసగా రెండు పంటలు పోయాయి. మొదటిది రోగంతో, రెండోది చలితో. మూడో పంటకు పురుగులు తెచ్చుకున్న రోజు ఆమె అన్న మాట డైరీలో ఉంది. "ఈ తూరి కూడా పోతే తోట పీకేస్తా సార్. నేనూ నా బిడ్డా బెంగుళూరుకు పోయి ఇటికెలు మోస్తాం."

రెడ్డెమ్మకు అప్పుడు పదిహేనేళ్ళు. తల్లి అలా అన్నప్పుడల్లా "నువ్వు మొయ్యిపో, నేను రాను" అనేది.

గంగులమ్మకు చదువు రాదు. ఉష్ణోగ్రత పట్టీ ఇస్తే ఏం చేసుకుంటుంది? అందుకని ఆమే ఒక పద్ధతి పెట్టుకుంది. వాకిలి పక్కన గోడ మీద, చలికి కుంపటి పెట్టిన రాత్రికి బొగ్గు గీత, పెట్టని రాత్రికి సున్నం చుక్క. పురుగులు ఇంటికొచ్చిన రోజు నుంచి రోజుకొకటి, వరసగా. నా రిజిస్టరు కన్నా ఆ గోడే నాకు నమ్మకంగా ఉండేది.

ఇక కారు సంగతి. మదనపల్లెలో గ్రానైటు వ్యాపారి ఒకాయన ఉండేవాడు. కుప్పం దగ్గర ఆయనకు క్వారీ. స్వదేశానికి తిరిగి పోతున్న ఒక విదేశీ దొర దగ్గర ఆయన పాత కారు కొన్నాడు. ఎడమ వైపు స్టీరింగు. దాన్ని చూడటానికి పుంగనూరు బస్టాండులో జనం మూగేవారు. డ్రైవరు మునిరత్నం మా వీధివాడే. యజమానితోనో, ఆయన క్వారీ దగ్గరే ఉండిపోతే ఖాళీగానో, పొద్దున్నే మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు మీదుగా కుప్పం పోయేవాడు.

ఒక ఆదివారం అతను మా ఇంటికి వచ్చాడు. ముఖంలో కళ లేదు.

"సార్, మీరు డిగ్రీల సార్ గదా. మా కారులో గడియారం కింద పచ్చంకె ఒకటి ఉండాది. అది డిగ్రీలంట. గంగులమ్మ ఇంటికాడ మలుపు వచ్చేతలికి పడిపోతాండాది. టింగుమని బెల్లు కూడా కొడతాండాది. ఇప్పటికి మూడు తూర్లు."

"యజమానికి చెప్పినావా?"

"చెప్తే నవ్వినాడు. ఆయన ఎక్కిన దినం అది నోరు తెరవదు సార్. నేనే ఏందో వైరు కెలికినానని అనుమానం ఆయనకు. పని పోతాది అనిపిస్తాండాది."

అందుకే బెల్లు కొట్టినప్పుడల్లా ట్రిప్పుల పుస్తకంలో తేదీ, టైము పక్కన 'బెల్' అని రాసుకున్నాడట. ఆ మాట విని అతని మీద నాకు గౌరవం కలిగింది.

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తెచ్చిచ్చాడు. రెండు రాత్రులు చదివాను. ముందు బంపరు వెనక చింతగింజంత బిళ్ళ ఒకటి ఉంటుంది. బయటి గాలి ఎంత చల్లగా ఉందో అది తీగ ద్వారా లోపలికి చెబుతుంది. కారు నిలబడి ఉంటే ఇంజను వేడి తగిలి అంకె పెరుగుతుంది, కనుక కారు కదులుతున్నప్పటి అంకెనే నమ్మాలి. మూడు డిగ్రీలకు దిగగానే గంట ఒక్కసారి మోగుతుంది. మళ్ళీ ఆరు దాటి పైకి పోయి, తిరిగి దిగితే తప్ప మోగదు. గంట మోగిందంటే రోడ్డు మీద మంచు ఉందని కాదు, ఉండొచ్చని. నెమ్మదిగా పో, ముందు చూసుకో అని.

ఇదంతా మునిరత్నానికి చెప్పాను.

"ఐసుకు బెల్లా?" అని పెద్దగా నవ్వాడు. "మన పక్క ఐసు సోడా అంగట్లో తప్ప యాడుంటాది సార్! దానికి ఇంకా దొర దేశంలో ఉండాననే గ్యానం."

నేనూ నవ్వాను. కానీ నా డైరీలు తిరగేస్తే, అన్నేళ్ళలో పుంగనూరులో మూడు డిగ్రీలు నేను ఒక్కసారి కూడా రాయలేదు. దాని దరిదాపులకు దిగిన రోజు కూడా లేదు. మరి ఆ బిళ్ళ ఏం చూసింది?

తెలుసుకోవాలనిపించింది. కుప్పంలో నాకు పని ఉన్న రోజులు చూసుకుని అతనితో పోదామనుకున్నాను.

మొదటి ప్రయాణం. నా థర్మామీటరును పక్క అద్దానికి కట్టాను. మలుపు దగ్గర కారు అంకె పదిహేడు, నాది పదహారున్నర. గంట మోగలేదు. కారు బిళ్ళ సరిగ్గానే పనిచేస్తోందని రాసుకున్నాను. మునిరత్నం మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సూసినారా, మీరు ఎక్కినా మూసుకునింది."

తరువాత నాలుగు రోజులకు గంగులమ్మ పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. చర్మం వదిలే ముందు పురుగులు మేత మాని పడుకుంటాయి, దాన్నే మా పక్క జ్వరం అంటారు. లేచాక తెగ తింటాయి. రాత్రి కూడా ఆకు వేయాలి. అందుకే తల్లీబిడ్డలు పురుగుల ఇంట్లోనే పడుకునేవారు. సాయంత్రం పోయి చూశాను. పంట బాగుంది. చలి మాత్రం ముదురుతోంది.

అప్పుడు నేను చెప్పిన మాటలు నా చేతి రాతలోనే ఉన్నాయి. "ఈ వారం గండం దాటితే గూళ్ళు కడతాయి. ఒక్క సందు కూడా ఉండకూడదు గంగులమ్మా. కిటికీలకు గోనెలు కుక్కు. ఒక్క డిగ్రీ తగ్గినా పోయినసారి మాదిరే అవుతుంది."

కుంపటి పెట్టినప్పుడు ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచాలని నాకు తెలుసు. వందమందికి చెప్పి ఉంటాను. ఆ సాయంత్రం ఆమెకు చెప్పలేదు. నా కళ్ళు పురుగుల మీద ఉన్నాయి, మనుషుల మీద లేవు.

మరునాడు పొద్దున మునిరత్నంతో రెండో ప్రయాణం. ఆరు గంటల పది నిమిషాలు. తూర్పున తెల్లవారింది, రోడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. పొగమంచు లేదు. అంకె పదిహేను.

మలుపుకు ఫర్లాంగు దూరంలో పద్నాలుగయింది. తరువాత పదమూడు. నేను గడియారం కింది అంకెనే చూస్తూ ఉన్నాను. పన్నెండు, పదకొండు, పది. ఎక్కడా ఎగిరి దూకలేదు, మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దిగింది. గంగులమ్మ ఇల్లు కనిపించేసరికి నాలుగు. తరువాత మూడు. ఇత్తడి గిన్నెకు గరిటె తగిలినట్టు గంట ఒక్కసారి మోగింది.

మునిరత్నం బ్రేకు వేశాడు.

దిగి అద్దానికి కట్టిన నా థర్మామీటరు చూశాను. పదిహేను. చేతికీ అంతే చలి. కారు పక్కనే నిలబడి ఐదు నిమిషాలు లెక్కపెట్టాను. ఇంజను నడుస్తూనే ఉంది, పుస్తకం ప్రకారం అంకె పెరగాలి. పెరగలేదు. మూడు దగ్గరే ఉంది.

డైరీ తీసి అది రాస్తుండగా మునిరత్నం అన్నాడు. "సార్, గంగులమ్మ తోటలో ల్యాకుండాదే?"

తల ఎత్తి చూశాను. మల్బరీ ఆకు పొద్దున చల్లపూటే కోస్తారు. ఎండ తగిలితే వాడిపోతుంది. ఆ వేళకు ఆమె రెండో గంప నింపుతూ ఉండాలి. తోటలో ఎవరూ లేరు. గంప గోడ పక్కన బోర్లించి ఉంది. కిటికీలకు నేను చెప్పినట్టే గోనెలు కుక్కి ఉన్నాయి. తలుపు సందుల్లో కూడా గుడ్డ పేలికలు.

అప్పుడు నాకు కుంపటి గుర్తొచ్చింది.

పిలిచాను. తలుపు బాదాను. పలుకు లేదు. మునిరత్నం మూడు తన్నులు తన్నితే లోపలి గడియ ఊడింది. రెడ్డెమ్మ తలుపు దగ్గరే పడి ఉంది, లేచి రాబోయి పడినట్టుంది. గంగులమ్మ పురుగుల తట్టలు పేర్చిన చోట, వాటి కింద పడి ఉంది. కుంపటిలో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొగ లేదు, వాసన లేదు. మూసిన ఇంట్లో బొగ్గులు వదిలే విషపు గాలితో ఉండే మోసమే అది.

ఇద్దరినీ బయటికి లాగాం. కొంతసేపటికి రెడ్డెమ్మ కక్కుకుంది, ఊపిరి అందింది. గంగులమ్మకు ఊపిరి ఉంది కానీ మెలకువ లేదు. ఇద్దరినీ కారు వెనక సీటులో పడుకోబెట్టి పుంగనూరు ఆసుపత్రికి తిప్పాం. దారిలో ఎందుకో అంకె వైపు చూశాను. పదిహేను. గంట మళ్ళీ మోగలేదు.

గంగులమ్మ పదకొండు గంటలకు కళ్ళు తెరిచింది. కూతురు బతికే ఉందని, పక్క మంచం మీదే ఉందని చెప్పాం. తల తిప్పి చూసుకుంది. తరువాత నన్ను చూసి అడిగింది. "పురుగులకు ఆకేసినారా సార్?"

వెయ్యలేదు. ఆ మధ్యాహ్నం నేను, మునిరత్నం, పక్క పొలంవాళ్ళు ఇద్దరు కలిసి ఆకు కోసి వేశాం. క్వారీ యజమాని కారు కోసం కుప్పంలో సాయంత్రం దాకా ఎదురు చూసి మండిపడ్డాడట. సంగతి తెలిశాక మెత్తబడ్డాడు, డ్రైవరును పనిలోంచి తీసెయ్యలేదు. పురుగులు బతికాయి, గూళ్ళు కట్టాయి. గంగులమ్మ తోట పీకలేదు.

తల్లీబిడ్డలు ఇంటికి వచ్చాక నా తప్పు నేను చెప్పుకున్నాను. "నువ్వు చెప్పిందే చేసినా గదప్పా," అంది గంగులమ్మ. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ ఏడు మిగిలిన నెలలన్నీ ప్రతి రైతు ఇంటికీ పోయి కిటికీల సంగతి మళ్ళీ చెప్పాను.

ఇక కారణం. వైరు తెగి ఉంటుందని మెకానిక్కు అన్నాడు. అతని షెడ్డులోనే బిళ్ళ నుంచి వైరు పీకించాను. అంకె దిగలేదు, అంకె ఉండే చోట రెండు గీతలు వచ్చాయి. మళ్ళీ తగిలించి, సోడా అంగటి నుంచి ఐసు గడ్డ తెప్పించి బిళ్ళకు ఆనించాం. అంకె మెట్టు మెట్టుగా దిగింది, మూడు దగ్గర గంట మోగింది. ఆ పొద్దున దిగినట్టే. అంటే బిళ్ళ బాగుంది, తీగ బాగుంది, గంట బాగుంది. చలే లేదు.

బొగ్గుల గాలి ఏమైనా చేసిందా? కుంపటి నాలుగు గోడల మధ్య, సందులు మూసిన ఇంట్లో ఉంది. బంపరు ఇరవై అడుగుల బయట. పైగా అది వేడి గాలి, చల్లది కాదు.

అన్నిటికన్నా నాకు అంతుపట్టనిది గోడ. మునిరత్నం ట్రిప్పుల పుస్తకం తీసుకుపోయి, గంగులమ్మ గోడ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పురుగులు ఇంటికి వచ్చిన తేదీ నా రిజిస్టరులో ఉంది. అక్కడి నుంచి ఒక్కొక్క గుర్తుకూ తేదీ వేసుకుంటూ వచ్చాను. ఆ పంటలో కారు ఆ మలుపు మీదుగా పొద్దున తొమ్మిదిసార్లు పోయింది. ముందు రాత్రి సున్నం చుక్క ఉన్న ఐదు పొద్దుల్లో గంట లేదు. వాటిలో రెండు రోజులు కారులో యజమాని ఉన్నాడు, ఒక రోజు నేను. బొగ్గు గీత ఉన్న నాలుగు పొద్దుల్లోనూ 'బెల్' ఉంది. నాలుగోది నేను చెవులారా విన్నది.

మొదటి మూడు పొద్దుల్లో ఎలా ఉండేదని అడిగాను. తల బరువుగా ఉండేదని, నిద్ర చాలక అనుకున్నానని గంగులమ్మ చెప్పింది. అప్పటికి గోనెలు కుక్కలేదు, తలుపు సందులు తెరిచే ఉన్నాయి.

లెక్క ముగించి పీట మీద నుంచి లేస్తుంటే మునిరత్నం నెమ్మదిగా అన్నాడు. "దానికి వచ్చిన మాట అదొక్కటే గదా సార్, సలి అని. ఇంకేం చెప్పగలదు?"

అతని మాట నేను ఒప్పుకోలేదు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. ఆ తరువాత రెండు చలికాలాలు కారు అదే మలుపు మీదుగా పోయింది. గంగులమ్మ కిటికీ తెరిచి కుంపటి పెట్టిన రాత్రుల తరువాత కూడా. గంట మళ్ళీ మోగలేదు. మూడో ఏడు యజమాని కారు అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో కనుక్కున్నాను కానీ, కొన్నవాళ్ళు గడియారం, అంకె రెండూ పీకించి రేడియో పెట్టించుకున్నారు.

నా డైరీలో ప్రతి పేజీకీ కుడి పక్కన 'కారణం' అని ఒక గడి ఉంటుంది. పంట ఎందుకు పోయింది, బస్సు ఎందుకు రాలేదు, జ్వరం ఎందుకు వచ్చింది, ఏదైనా అందులో సిరాతో రాస్తాను. ఆ రోజు గడిలో 'వైరు' అని రాసి కొట్టేసి ఉంది. 'పల్లపు గాలి', అంటే పల్లంలో నిలిచిపోయే చల్లగాలి, అని రాసి అదీ కొట్టేసి ఉంది. దాని కింద, గంగులమ్మ గోడ చూసి వచ్చిన రోజున, పెన్సిలుతో ఒక చిన్న ప్రశ్నార్థకం పెట్టాను. తెలిసినప్పుడు చెరిపి రాద్దామని పెన్సిలు వాడాను. మొన్న తీసి చూస్తే అది మాసిపోతూ ఉంది. పెన్సిలుతోనే మళ్ళీ దిద్దాను.