నల్లదారం ముడులు

ఎనభైల మొదట్లో ఒకసారి మహబూబాబాద్ స్టేషన్‌లో వరంగల్ బండి కోసం కూర్చున్నాను. పక్కన కొత్తగూడ నుంచి వచ్చిన ఒకామె. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"రేపు గర్భసంచి తీస్తరక్కా. నెత్తురు బాగ పోతున్నది," అంది.

"ఎన్ని దినాలు పోతది?"

కొంగుముడి విప్పి నల్లదారం తీసింది. నెత్తురు పోయిన రోజుకొక ముడి, నెల మారితే ఒక పూస. నేను బడికి పోలేదు గాని లెక్క తప్పను. తొమ్మిది, పది, తొమ్మిది.

"ఈ దారం డాక్టరుకు చూపించినవా?"

"ఆయన అడగలే. మా వాడకట్టుల అందరియి తీసిన్రు, నాది గూడ తీస్తరంట."

నాకు ఒళ్లు మండింది. "ఇదేమన్న వరికోతనా, వరుసవెట్టి కోసుకుంట పోనీకి?"

నాకూ అట్లాగే తీశారు. ముందు పరీక్ష చేసి మందులు వాడి చూడాల్సిందని తర్వాత పెద్ద దవాఖానలో చెప్పారు.

"నెత్తురు ఎందుకు పోతున్నదో ముందు చూడుమను. గోలీలతోని తగ్గుతదా అని అడుగు. తీసినంక మల్ల పెట్టరు."

బండి వచ్చింది. చాయ్ తాగి వచ్చిన ఆమె భర్త, "లే, జల్ది" అన్నాడు.

ఎక్కి కూర్చున్నాక ఆమె దారం అతని చేతిలో పెట్టింది. "గివి లెక్కవెట్టు."

"గిప్పుడెందుకే?"

"రేపు డాక్టరుకు నువ్వే చెప్పాలె."

వరంగల్ వచ్చేలోగా అతను మూడుసార్లు లెక్క తప్పి, మళ్లీ మొదటి ముడి దగ్గరికి వచ్చాడు. మొత్తం ఇరవై ఎనిమిదని నాకు తెలుసు. చెప్పలేదు.