కూత పట్టే డబ్బా

నాకు మరుపు తక్కువ, కోపం ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషికి ఉంటే ఇల్లు నిలవదని మా అత్త అంటుండేది. ఇల్లు నిలిచింది, మరుపు రాలేదు, కోపం పోలేదు. సిద్దిపేటలో పిండి గిర్ని నడుపుకుంటూ, జొన్నల బస్తాకూ గోధుమల బస్తాకూ మధ్య నిలబడి రోజంతా అరుస్తూ బతికే నాకు ఇంత పగ దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. అందుకే మొదటి నుంచీ చెబుతున్నాను.

టీవీలో కబడ్డీ రాకముందే మా దగ్గర డబ్బులిచ్చి ఆడించే ఆడపిల్లల కబడ్డీ లీగు ఒకటి వచ్చింది. ఒక్క ఎండాకాలం నడిచి ఆగిపోయింది. దాన్ని పెట్టినవాడు ఒక విత్తనాల వ్యాపారి. సిద్దిపేట, గజ్వేల్, మిరుదొడ్డి, మద్దూరు అని నాలుగు జట్లు కట్టాడు. ఆటకింతని మా చేతుల్లో పెట్టేవాడు, జనానికి టికెట్టు పెట్టాడు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని ఆడతారట అని మొదట్లో జనం ఎగబడి వచ్చారు. వచ్చి కూర్చున్నాక, వీళ్లు నిజంగానే ఆడుతున్నారని తెలిసి సగం మంది రావడం మానేశారు.

ఇక అక్కడి నుంచి వ్యాపారికి నిద్ర లేదు, మమ్మల్ని నిద్ర పోనివ్వలేదు. ఆటకొక కొత్త తమాషా తెచ్చేవాడు. ఆడేవాళ్ల కాళ్లకు గజ్జెలు కట్టించాడు. మిరుదొడ్డి పిల్ల మడమ చీరుకుపోయాక తీసేశాడు. పెళ్లయినవాళ్లు ఒకవైపు, కానివాళ్లు ఒకవైపు ఆడమన్నాడు. పెళ్లయినవాళ్లు చిత్తుగా గెలిస్తే, మా పిల్లలకు దిష్టి తగిలిందని కానివాళ్ల తల్లులు మైదానంలోకి దిగి కొట్లాడారు. పాయింటు వచ్చినప్పుడల్లా డప్పు కొట్టించాడు. ఆ మోతలో అంపైర్ విజిల్ ఎవరికీ వినపడలేదు. ఎండ తగలకుండా కోర్టు మీద షామియానా వేయిస్తే, అది గాలికి లేచి మద్దూరు జట్టు నెత్తిన కూలింది. ఇవన్నీ చూసి మేం నవ్వుకునేవాళ్లం. మా మీదికి రానంతవరకూ అన్నీ నవ్వులాటలే కదా.

కబడ్డీ తెలియనివాళ్లకు ఒక్క మాట. అవతలి జట్టు కోర్టులోకి వెళ్లిన పిల్ల, మళ్లీ నడిగీతను తాకేదాకా గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూనే ఉండాలి. కూత ఆగితే ఔటు. మధ్యలో గాలి పీల్చుకుని, పీల్చుకోనట్టు నటిస్తే దాన్ని దొంగకూత అంటారు. ఆటలో ఓడిపోయినవాళ్లకు మర్యాద ఉంటుంది గానీ దొంగకూత పెట్టినవాళ్లకు ఉండదు.

నా కూత సన్నది. మాది మగ్గం ఇల్లు. బాపు గుంటమగ్గం మీద నేస్తుంటే, అక్కా నేనూ వెనక పెరట్లో బొగ్గుతో గీత గీసుకుని ఆడేవాళ్లం. బాపు ఆడొద్దని ఎన్నడూ అనలేదు. "ఆడుండ్రి. కని ఆడివిల్ల గొంతు వాకిలి దాటొద్దు" అనేవాడు. అట్లా గొంతు లోపలే కూత పెట్టడం అలవాటైంది. పక్కనున్నవాళ్లకు బాగా వినపడేది, గోడ అవతలికి పోయేది కాదు. అట్లా పెడితే ఊపిరి కూడా ఎక్కువసేపు నిలిచేది. మా డ్రిల్లు సారు నన్ను బడి జట్టులోకి తీసుకున్నది అందుకే. "ఈ పిల్ల కూత తేనెటీగ లెక్క, ఆగదు" అని అందరికీ చెప్పేవాడు. ఆ ఎండాకాలం లీగులో నాకన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిన పిల్ల లేదు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను, చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు మరి.

ఫైనల్ మాకూ గజ్వేల్‌కూ పడింది. ఆ రోజు కోసం వ్యాపారి తన చివరి తమాషా తెచ్చాడు. పెళ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికిచ్చే అతనితో ఒక డబ్బా చేయించాడు. కూతకు వెళ్లే పిల్ల నడుముకు డబ్బా కట్టి, గొంతుకు మైకున్న పట్టీ బిగించాలి. కూత ఆగితే అంపైర్ బల్ల మీద ఎర్ర బల్బు వెలుగుతుంది, సైరను మోగుతుంది. ఇకనుంచి అంపైర్లతో పంచాయితీలు ఉండవు, యంత్రమే న్యాయం చెబుతుందని ఊరంతా ఆటో తిప్పి చాటించాడు. డబ్బాను పరీక్షించింది మగపిల్లల హాస్టల్‌లో. వాళ్లు కూత పెడితే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. ఆడపిల్లల గొంతుతో ఒక్కసారి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ రోజు అంపైర్ మా డ్రిల్లు సారే.

మొదటి సగంలో నేను వెళ్లీ వెళ్లగానే బల్బు వెలిగింది. సారు దగ్గరికొచ్చి, "జర గట్టిగ అను బిడ్డా, డబ్బాకు ఇనవడ్తలేదు" అన్నాడు. చూశారా, ఆయనకు అప్పుడే తెలుసు. సరేనని అరిచాను. నాకు అలవాటు లేని పని, ఊపిరి సగంలోనే అయిపోయేది. అయినా ఈడ్చుకొచ్చాను. చివరికి రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు ఆఖరి కూత నాది. మూలనున్న పిల్లను తాకి తిరిగాను. ముగ్గురు మీద పడ్డారు. మొహం మట్టిలోకి పోయింది, కాలు ఒకరి చేతిలో ఉంది. అరవడం ఎక్కడి నుంచి వస్తుంది? పెరట్లో నేర్చుకున్న కూతే వచ్చింది. దాంతోనే పాకి, చెయ్యి చాచి నడిగీత మీద పెట్టాను. పెట్టేటప్పటికే సైరను మోగుతోంది. నేను కూత ఆపలేదు. సైరను మోగుతున్నంతసేపూ పెడుతూనే ఉన్నాను.

సారు గీత దగ్గర వంగి ఉన్నాడు. ఆయన చెవికీ నా నోటికీ మధ్య జానెడు జాగా కూడా లేదు. నా మొహంలోకి చూశాడు. బల్బు వంక చూశాడు. తర్వాత స్టేజీ మీద కూర్చున్న వ్యాపారి వంక చూశాడు. లేచి గజ్వేల్ వైపు చెయ్యెత్తాడు.

"సార్, మీరు విన్నరు" అన్నాను.

"బల్బు వెలిగింది బిడ్డా. నా చేతుల ఏం లేదు" అన్నాడు.

బాపు ముందు వరసలో కూర్చుని ఆట చూశాడు. వద్దన్న మా పెదనాయినలతో కొట్లాడి నన్ను ఆడించింది ఆయనే. ఇంటికి నడిచి వస్తుంటే మా గల్లీ మలుపు దగ్గర ఆగి, "నిజం చెప్పు బిడ్డా, ఆపినవా?" అన్నాడు. ఆపలేదన్నాను. తలూపాడు. నమ్మినవాడు ఊపే తల కాదది. నా గొంతును అంత సన్నగా చేసినవాడే నన్ను అడిగాడు. అందుకు నేను బాపును తప్పు పట్టను. సైరను అంత గట్టిగా మోగితే ఎవరైనా అడుగుతారు. ఒక్క మనిషి నోరు విప్పి ఉంటే బాపు అడిగేవాడు కాదు.

వానలు పడగానే వ్యాపారి విత్తనాల పనిలో పడ్డాడు, లీగు ఆరిపోయింది. డబ్బా పాత సామాన్లవాడికి పోయింది. నాకు మాత్రం పేరు మిగిలింది. దొంగకూత. పెళ్లయి పక్క గల్లీకి పోతే నాకన్నా ముందే ఆ పేరు అక్కడికి చేరింది. దొంగకూత కోడలు, దొంగకూత గిర్ని. కొన్నాళ్లకు పిలిచేవాళ్లకే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియకుండా పోయింది, పిలవడం మాత్రం మానలేదు. బాపు దవాఖానలో పోయాడు. పోయేముందు కూడా ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. డ్రిల్లు సారు బజారులో ఎదురైతే దండం పెట్టేదాన్ని, లోపల పళ్లు నూరుకునేదాన్ని.

పోయిన చలికాలం ఆయన నా గిర్నికి వచ్చాడు. రిటైరై చాలా కాలమైంది, మనిషి తగ్గిపోయాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, ఆ రెండో పని మీద వచ్చాడని మొహం చూస్తేనే తెలిసింది. గిర్ని ఆపి స్టూలు వేశాను.

"ఆటల హాల్ల గోడకు బోర్డు పెడుతున్రు బిడ్డా" అన్నాడు. "మన దిక్కు ఆటలల్ల ఏదైన మొదటగ చేసినోళ్ల పేర్లు రాస్తరట. ఇప్పుడు టీవీల చూస్తున్నవ్ గద, అంపైరింగ్ అంత మిషన్లే. గది మొదలు వెట్టింది మనమే గద. కూతకు మిషన్ పెట్టిన మొదటి అంపైర్‌ను నేనే. కమిటోళ్లేమో రుజువేదంటున్రు. ఆడినోళ్లను ఒక్కల్నన్న తోల్కరమ్మన్నరు."

వ్యాపారి ఊరొదిలి ఏనాడో పోయాడు. నాతో ఆడిన పిల్లల్లో ఒకామె బొంబాయి దగ్గర భివండిలో ఉంది, మిగతావాళ్లు ఎక్కడున్నారో నాకే తెలియదు. ఆయనకు దొరికింది నేనొక్కదాన్నే.

"నీ పేరు గూడ రాపిస్త. ఆ లీగుల ఎక్కువ పాయింట్లు తెచ్చిన పిల్లవని" అన్నాడు.

"ఫైనల్ల ఏమైందో యాదున్నదా సార్?" అని అడిగాను.

"గజ్వేల్ గెల్చింది గద" అన్నాడు. "గప్పటి సంగతులు ఇప్పుడెందుకు తీయ్."

ఆ తీయ్ అన్న మాట దగ్గర నాకు గుండె గట్టిపడింది. ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. తప్పయింది బిడ్డా అంటే ఆయన వెంట చెప్పులు లేకుండా నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పేదాన్ని. నన్ను దొంగను చేసిన డబ్బాతోనే గోడకెక్కుతాడట, దానికి నేనే నిచ్చెన పట్టాలట. నవ్వుతూ, "వస్త సార్, మీరు చెప్పినంక రాకుంట ఉంటనా" అన్నాను. చాయ్ తెప్పించి తాగించాను.

ఆటల హాలు వెనక గదిలో కమిటీవాళ్లు ఏడెనిమిది మంది కూర్చున్నారు. నాకన్నా చిన్నవాళ్లు, చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో పాత విజిల్ వేసుకుని వచ్చాడు. ఆ లీగు సంగతి, డబ్బా సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్లలో పెద్దతను నా వైపు తిరిగాడు.

"అక్కా, గసుంటి లీగు అయిందా? నువ్వు ఆడినవా?"

"లేదు తమ్మీ" అన్నాను. "సారు మా బడిల డ్రిల్లు చెప్పిండు, గది నిజం. మంచిగ చెప్పిండు. లీగు, డబ్బా, బల్బు అంటుండు, గవి నాకైతే తెల్వదు. పెద్దమనిషి, వయసు మీదవడ్డది. ఏమనకుండ్రి."

చివరి మాటలు నేను ముందుగా అనుకోలేదు, వాటంతట అవే వచ్చాయి. అన్నాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సారు మొహంలో నెత్తురు లేదు. అబద్ధమాడుతున్నావని అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుర్చీ పట్టుకుని లేచాడు.

"ఆమె కోపం నాకు తెలుసు" అన్నాడు వాళ్లతో. "ఆమెకు కోపం ఉండాలె. ఆఖరి కూతల నేను ఆమె పక్కనే ఉన్న. డబ్బాకు ఇనవడలే, నాకు ఇనవడ్డది. గీత ముట్టినంక గూడ ఇనవడ్డది. డబ్బా తప్పన్న మాట బైటకొస్తే ఊకోనని ఆ విత్తనాల సేటు పొద్దుగాలనే అన్నడు. భయపడ్డ. గీమె దొంగకూత పెట్టలే. గెలిచింది గీమెనే."

పెళ్లికి ముందు నుంచీ నేను కోరుకున్న మాటలు అవి. అచ్చం అవే, నలుగురి ముందు, నిలబడి. బాపు ఉండి వింటే చాలనుకున్నవి. బాపు లేడు.

 పెద్దతను మెల్లగా, జాలిగా అన్నాడు. "సార్, ఆటనే కాలేదని అక్క అంటుంది గద. కానే కాని ఆటల ఎవరు గెల్చిన్రని రాయాలె?" ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. సారు నా వైపు తిరిగాడు.  ఆ ఎండాకాలం ఆయన మొహంలోకి నేను చూసినట్టే చూశాడు. నేను ఒక్క మాటంటే ఇద్దరి పేర్లూ గోడకెక్కుతాయి, నా మీది మచ్చ అక్కడికక్కడే పోతుంది. నాకా లెక్క తెలియక కాదు.

"గిర్నికాడ గిరాకి నిలవడ్డది తమ్మీ, నేను పోత" అని లేచాను. పెద్దతను గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. "తీరిక చేసుకొని వచ్చి ఉన్నదున్నట్టు చెప్పినవ్ అక్కా, గట్ల చెప్పేటోళ్లు ఈ రోజులల్ల లేరు" అన్నాడు.

బోర్డు పెట్టారు. దాని మీద ఆయన పేరు లేదు, నా పేరూ లేదు. నా గురించి ఆయన జన్మలో ఒక్కసారి నిజం చెప్పాడు, దాన్ని విన్నవాళ్లందరూ మతి తప్పిన ముసలాయన మాటలనుకుంటున్నారు. నా మాట నమ్మారు కాబట్టే అనుకుంటున్నారు. ఇప్పుడు ఆ కమిటీ తమ్ముళ్ల ఇళ్లకు పిండి నా గిర్ని నుంచే పోతోంది, నిజాయితీ గల మనిషినని.